ముందు హుక్కు... తర్వాతే మెరుపు

రెండంతస్తుల ఎత్తున్న హాల్లో క్రిస్టల్ షాండ్లియర్ వేలాడదీయాలన్నది గోదావరి జిల్లాల్లో ఇల్లు కట్టుకుంటున్న చాలామంది ముచ్చట. ఆ ముచ్చట భద్రంగా తీరాలంటే షాపులో కాదు, స్లాబు పోసే రోజున మొదలుపెట్టాలి.

భీమవరం నుంచి పాలకొల్లు మీదుగా నర్సాపురం వెళ్లినా, రావులపాలెం దాటి అమలాపురం వైపు మళ్లినా, కొబ్బరిచెట్ల మధ్య కొత్తగా లేచిన ఇళ్లు ఇంచుమించు ఒకే తీరులో కనిపిస్తాయి. ముందు ఎత్తైన స్తంభాల పోర్టికో. లోపల అడుగుపెట్టగానే రెండంతస్తుల ఎత్తున హాలు. పక్కనుంచి వంపు తిరిగి పైకెళ్లే మెట్లు, పై వరండాకు గాజు రెయిలింగు. ఆ హాలు కప్పు నడుమ కొంత చోటు ఖాళీగా వదిలేసి ఉంటుంది. అక్కడేం రావాలో ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఆ కోరిక ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడం కష్టమేమీ కాదు. మద్రాసు స్టూడియోల్లో వేసిన జమీందారు మేడల సెట్లు చూస్తూ పెరిగాం. రెండు వైపులా చీలిన మెట్లు, మధ్యలో బరువుగా వేలాడే దీపాల గుత్తి, దాని కింద నిలబడి హుంకరించే తండ్రి పాత్ర. ఇన్నాళ్లకు రొయ్యల చెరువు కలిసొచ్చో, పిల్లలు విదేశాల్లో స్థిరపడో నాలుగు డబ్బులు చేతికొస్తే, ఆ వెలుగును మన హాల్లోనూ చూసుకోవాలనుకోవడంలో తప్పేముంది? ఇల్లన్నది ముచ్చటపడి కట్టుకునేదే.

పనుల వరసలోనే తేడా వస్తోంది. స్లాబు పోస్తారు. ఫాల్ సీలింగ్ కొట్టిస్తారు. రంగులేస్తారు. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించుకుంటారు. ఇక వారం ఉందనగా రాజమండ్రో, కాకినాడో, విజయవాడో వెళ్లి కంటికి నచ్చిన షాండ్లియర్ తెస్తారు. దాన్ని దేనికి తగిలించాలన్న ప్రశ్న అట్టపెట్టె విప్పాక గానీ రాదు.

"ఫ్యాను హుక్కు ఉంది కదండీ, దానికే పెట్టేద్దామండి."

"ఆగుతుందంటారా?"

"ఏం కాదండీ బాబూ. ఎన్ని ఇళ్లలో పెట్టలేదండీ!"

ఇంటాయనకీ కరెంటు పనాయనకీ మధ్య నడిచే ఈ మాటల్లో ఎక్కడా కిలోల ఊసు లేదు. మామూలు సీలింగ్ ఫ్యాను నాలుగైదు కిలోలు తూగుతుంది. మూడడుగుల వెడల్పున్న క్రిస్టల్ షాండ్లియర్, ఫ్రేము లోహాన్ని బట్టి, గాజు ముక్కల సంఖ్యను బట్టి 15 నుంచి 40 కిలోల దాకా ఉంటుంది. డబుల్ హైట్ హాలు కోసం పైనుంచి ధారలా దిగే రకం తీసుకుంటే 60 కిలోలు దాటడం మామూలే. వంద దాటినవీ ఉన్నాయి. ఫ్యాను కోసమని వేసిన హుక్కు ఆ బరువును మోయలేదని కాదు, మోస్తుందని చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. ఎంత మందం కడ్డీ వాడారో, దాని కాళ్లు స్లాబు లోపల దేనికి కట్టారో, అసలు కట్టారో లేదో, కాంక్రీటు పోసిన రోజున దగ్గరున్నవాళ్లకే ఎరుక.

దూలానికే కొంకి

చిత్రమేమిటంటే, బరువును వేలాడదీయడం ఈ నేలకు కొత్త విద్యేమీ కాదు. 1847లో మొదలై 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా పండింది. పంటతో వచ్చిన డబ్బు మండువా లోగిళ్లయింది. పైనున్న మన్యం అడవుల్లో కొట్టిన టేకు, గోదావరి మీద తెప్పలుగా రాజమండ్రి దాకా దిగేది. ఆ టేకు దూలాల నుంచే సావిట్లో ఉయ్యాలబల్ల గొలుసులు దిగేవి.

ఉయ్యాలబల్లను ఒక్కసారి ఇంజినీరు కంటితో చూడండి. పెళ్లిరోజున నలుగురు ఆడవాళ్లు, ఒళ్లో ఇద్దరు పిల్లలు. బల్ల బరువు, గొలుసుల బరువు కలుపుకొంటే 300 కిలోలకు తక్కువుండదు. అదీ కదలని బరువు కాదు. ముప్పై డిగ్రీల వాలు నుంచి ఊగి వచ్చేటప్పుడు, అడుగుకు చేరే క్షణంలో గొలుసుల మీద పడే లాగుడు అసలు బరువుకు మరో పాతిక శాతం పైనే ఉంటుంది. అలా తరాల తరబడి ఊగిన బల్లలు ఇప్పటికీ కోనసీమలో ఉన్నాయి. వడ్రంగి పాటించిన నియమం ఒకటే: కొంకి దూలానికి పడాలి, వాసానికి పడకూడదు. ఇల్లు గీసుకునేటప్పుడే ఉయ్యాల ఎక్కడ వేలాడుతుందో అనుకునేవారు, దూలం అక్కడికి వచ్చేలా చూసుకునేవారు.

ఆ వరస మనం వదిలేశాం. షాండ్లియర్ గురించి చెప్పుకోవాల్సిన మొదటి మాటా, అతి ముఖ్యమైన మాటా ఇదే. తక్కినవన్నీ, అంటే క్రిస్టల్ రకం, రంగు, బల్బులు, రిమోట్, దీని తర్వాతే.

ఈ మాట మేడల్లోని దీపాలకూ వర్తిస్తుంది. తెలుగునాట షాండ్లియర్ అంటే గుర్తుకొచ్చే చోటు హైదరాబాద్‌లోని చౌమహల్లా ప్యాలెస్. అక్కడి ఖిల్వత్ ముబారక్ దర్బారు హాల్లో 19 బెల్జియం క్రిస్టల్ షాండ్లియర్లు వేలాడుతుంటాయి. ఆ ప్యాలెస్ పనులు 1750 ప్రాంతంలో మొదలుపెట్టించినవాడు హైదరాబాద్ పాలకుడు సలాబత్ జంగ్. తర్వాతి కాలంలో ఆ ప్యాలెస్ కళ తప్పింది. మరమ్మతులు చేసి, షాండ్లియర్లను దర్బారు హాల్లో తిరిగి అమర్చి, 2005లో జనం చూడటానికి తెరిచారు. 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది. షాండ్లియర్ కొనాలనుకుంటున్నవాళ్లు హైదరాబాద్ వెళ్లినప్పుడు అక్కడ ఓ గంట గడిపితే, షాపులో రెండు పూటలు తిరిగినా తెలియని సంగతి తెలుస్తుంది. హాలు ఎత్తుకూ దీపం పొడవుకూ పొత్తు ఎలా కుదరాలో, దీపం చుట్టూ ఎంత ఖాళీ వదిలితే అది అందంగా కనిపిస్తుందో అక్కడ కళ్లారా చూడొచ్చు.

ఇక కప్పు బలం సంగతికి వస్తే, గ్వాలియర్ జయవిలాస్ ప్యాలెస్‌లోని రెండు షాండ్లియర్లు ఒక్కొక్కటి మూడున్నర టన్నులు. వాటిని బిగించే ముందు కప్పు మీదికి ఏనుగులను ఎక్కించి చూశారని అక్కడ చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమన్నది పక్కన పెడితే, ముందు కప్పును పరీక్షించాలన్న ఆలోచన మాత్రం పక్కా. పారిస్ ఒపేరాలో 1896 మే 20న ప్రదర్శన నడుస్తుండగా షాండ్లియర్‌కు సమతూకంగా కట్టిన బరువొకటి కప్పును చీల్చుకుని ప్రేక్షకుల మీద పడింది, ఒకావిడ చనిపోయింది. పడింది దీపం కాదు, ఎవరి కంటికీ కనిపించకుండా పైన ఉన్న సరంజామా. ఇళ్లలో కూడా భయమంతా కంటికి కనిపించని చోటే ఉంది.

స్లాబు పోసే రోజు

ఇల్లు ఇంకా కాగితం మీదే ఉంటే మీరు అదృష్టవంతులు. "హాలు మధ్యలో షాండ్లియర్ వస్తుంది, మోటారుతో కలిపి ఇంత బరువు" అని ప్లాను దశలోనే ఇంజినీరుకు చెప్పండి. బరువు ఇంకా తెలియకపోతే 150 కిలోలు అనుకుని డిజైన్ చేయమనండి. హాలు స్లాబులో దానికయ్యే అదనపు ఇనుము పెద్ద ఖర్చేమీ కాదు. ఇంటి నడిమధ్యను బ్రహ్మస్థానమనీ, అక్కడ బరువు పెట్టకూడదనీ వాస్తు చెప్పేవాళ్లు అంటే, ఆ పేచీ కూడా అప్పుడే తేల్చుకోవాలి. హాలు మధ్య, ఇంటి మధ్య ఒకటి కాకుండా గీయించుకోవడం కాగితం మీద చిటికెలో పని.

సెంట్రింగ్ కొట్టి, కడ్డీలు కట్టాక, కాంక్రీటు రాకముందు ఒకసారి పైకెక్కి చూడండి. హుక్కుగా మెలిపెట్టిన కడ్డీ 12 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. దాని రెండు కాళ్లూ కింది జాలీ కడ్డీల పైనుంచి వెళ్లి, రెండు పక్కలా బాగా చాపి, కట్టుతీగతో బిగించి ఉండాలి. హుక్కును కేవలం ఇనపడబ్బాలో గుచ్చి వదిలేస్తే అది కాంక్రీటునే పట్టుకుని ఉంటుంది, ఇనుమును కాదు. కరెంటు పైపు హుక్కు పక్కకే వచ్చిందా, స్విచ్చు బోర్డు నుంచి విడిగా లైను వేశారా అన్నది కూడా ఆ పూటే చూసుకోవాలి. ఫోన్లో నాలుగు ఫొటోలు తీసి దాచుకోండి. పదేళ్ల తర్వాత ఆ స్లాబులో ఏముందో చెప్పే సాక్ష్యం అవే.

ఇల్లు కట్టేసి ఉంటే దారులు మూడు. అన్నిటికన్నా నమ్మకమైనది ఆరపార బోల్టు. స్లాబుకు పైదాకా రంధ్రం వేసి, పైన వెడల్పాటి ఇనుప ప్లేటు పెట్టి, నట్టు బిగిస్తారు. దూలం మీద బరువు మోపినట్టే ఉంటుంది. పైన డాబా అయితే ఆ చోట వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ జాగ్రత్తగా చేయించాలి. మన వానలకు ఒక్క రంధ్రం చాలు, నీళ్లు తీగ వెంబడి దిగి నేరుగా దీపంలోకి వస్తాయి. రెండోది, కాంక్రీటులో వ్యాకోచించి బిగుసుకునే యాంకర్ బోల్టులు. మూడోది, రంధ్రంలో రసాయన జిగురు నింపి కడ్డీ దించే కెమికల్ బోల్టు.

ఈ మూడోదాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. కాంట్రాక్టర్లు ఇప్పుడు దీన్నే ఎక్కువగా చెబుతున్నారు. అమెరికాలోని బోస్టన్ నగరంలో 2006 జూలై 10న ఒక రోడ్డు సొరంగంలో కప్పుకు వేలాడదీసిన కాంక్రీటు పలకలు ఊడి కారు మీద పడ్డాయి. సుమారు 26 టన్నులు. కారులో ఉన్న ఒకావిడ ప్రాణం పోయింది. ఆ పలకలను పట్టుకున్నవి ఎపాక్సీ జిగురుతో దించిన బోల్టులే. ఏడాది పాటు దర్యాప్తు చేసిన అక్కడి జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చినదేమిటంటే, త్వరగా గట్టిపడే రకం ఎపాక్సీ వాడారు. అది కొద్దిసేపు లాగి చూస్తే గట్టిగానే ఉంటుంది. ఎడతెగకుండా కిందికి లాగే బరువు కింద మాత్రం నెలల తరబడి కొద్దికొద్దిగా సాగుతుంది. చివరికి జారిపోతుంది.

షాండ్లియర్ బరువు సరిగ్గా అలాంటిదే. రాత్రీ పగలూ, పదేళ్లూ ఇరవయ్యేళ్లూ, ఒక్క క్షణం విడవకుండా కిందికే లాగుతుంది. అందుకే కెమికల్ బోల్టు వాడక తప్పకపోతే, నిరంతరం లాగే బరువుకు, అదీ తలకిందుగా బిగించడానికి పనికొస్తుందని కంపెనీ కాగితం మీద రాసి ఉన్న రకమే వాడాలి. రంధ్రంలో దుమ్మును బ్రష్షుతోనూ గాలితోనూ పూర్తిగా ఊదేయాలి. దుమ్ము మిగిలితే జిగురు కాంక్రీటును కాక దుమ్మును పట్టుకుంటుంది. నన్నడిగితే, ఆరపార బోల్టుకు వీలున్నచోట వేరే ఆలోచనే వద్దు.

పాత పెంకుటింటినో, టేకు దూలాల మీద ఇటుక పేర్చిన మద్రాసు టెర్రస్ మేడనో బాగుచేసుకుంటున్నవాళ్లు ఇటుకలోకి డ్రిల్లింగ్ మిషను పెట్టనివ్వకండి. దూలమే శరణ్యం. చెద పట్టిందేమో వడ్రంగి చేత తట్టి చూపించుకున్నాకే. ఇక ఫాల్ సీలింగ్ విషయం చెప్పనక్కర్లేదు. జిప్సం బోర్డైనా, పీఓపీ అయినా అది అలంకారమే, బరువు స్లాబు నుంచే దిగాలి.

హుక్కు సిద్ధమయ్యాక పరీక్ష. దీపాల తయారీకి ప్రపంచమంతా పాటించే ఐఈసీ 60598 ప్రమాణం వేలాడే దీపానికి ఒక పరీక్ష పెట్టింది: దాని బరువుకు నాలుగింతల బరువు అదనంగా వేసి గంటసేపు ఉంచాలి, ఏ భాగమూ సాగకూడదు. అది ఫ్యాక్టరీలో దీపానికి చేసే పరీక్ష. మన హుక్కుకూ అదే లెక్క పట్టొచ్చు. షాండ్లియర్ 30 కిలోలైతే దాని బరువూ కలిపి 150 కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తాలు ఆరు గట్టి మోకులో కట్టి, నేలకు జానెడు ఎత్తులో గంటసేపు వేలాడదీయండి. ఆ సమయంలో కింద ఎవరూ ఉండకూడదు. హుక్కు చుట్టూ స్లాబు మీద సన్నని గీత పడినా అది పనికిరాదు. ఈ పరీక్ష ఇవాళ్టి బలాన్నే చూపిస్తుంది, జిగురు ఏళ్ల తరబడి సాగుతుందో లేదో చూపించదు. బోల్టు రకం ఎంచుకోవడంలో జాగ్రత్త అందుకే.

చేతిలో ఒక గాజు ముక్క

ఇక షాపు. అక్కడ అన్ని దీపాలూ ఒక్కసారే వెలుగుతుంటాయి కాబట్టి ఏదీ సరిగ్గా కనిపించదు. ముందు కొలతలు రాసుకుని వెళ్లండి. హాలు పొడవు, వెడల్పు అడుగుల్లో కూడితే వచ్చిన సంఖ్యే అంగుళాల్లో షాండ్లియర్ వ్యాసం. 22 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పున్న హాలుకు 40 అంగుళాలు. ఎత్తు లెక్క, కప్పు ఎత్తులో ప్రతి అడుగుకూ రెండున్నర నుంచి మూడంగుళాలు. 20 అడుగుల హాలుకు 50 నుంచి 60 అంగుళాల దీపం సరిపోతుంది. కింద మనుషులు తిరిగేచోట అడుగు భాగం నేలకు ఏడడుగుల పైనే ఉండాలి. డైనింగ్ టేబుల్ మీదైతే బల్లకు 30 నుంచి 36 అంగుళాల ఎత్తున. డబుల్ హైట్ హాల్లో దీపం అడుగు మొదటి అంతస్తు నేలకన్నా కిందికి దిగితే మెట్లెక్కేవాళ్లకు బల్బులు సూటిగా కళ్లలో కొడతాయి. పై వరండాలో నిలబడితే దీపం పైభాగం కూడా కనిపిస్తుందని మర్చిపోవద్దు. అక్కడ ఫ్రేము ముడతలు, తీగలు, దుమ్ము తప్ప మరేం లేని డిజైన్లు చాలా ఉన్నాయి.

తర్వాత ఒక గాజు ముక్కను ఊడదీసి చేతికివ్వమనండి. షాపాయన నిజాయితీపరుడైతే ఇస్తాడు. దాన్ని గుమ్మం దగ్గరికి, ఎండలోకి తీసుకెళ్లండి. అరచేయి మీద ఏడు రంగులు విడివిడిగా, అంచులు తేలి పడితే కోత మంచిది. మసకగా ఒక తెల్లటి మచ్చ పడితే అచ్చులో పోసి తీసిన ముక్క. వేలితో అంచులను తడమండి. కోసి మెరుగుపెట్టిన ముక్కకు పలక, పలక కలిసేచోట గీత స్పష్టంగా, పదునుగా ఉంటుంది. అచ్చు ముక్కకు ఆ గీత గుండ్రంగా అరిగినట్టుంటుంది. పక్కనుంచి చూస్తే పచ్చటి ఛాయ కనిపిస్తే గాజులో ఇనుము ఎక్కువుంది. చేతికి చల్లగా, బరువుగా ఉండాలి. తేలిగ్గా, చల్లదనం లేకుండా ఉంటే అది యాక్రిలిక్, ప్లాస్టిక్కే. కొత్తలో మెరుస్తుంది, కొన్నేళ్లకు గీతలు పడి పసుపుపచ్చగా మారుతుంది. డబుల్ హైట్‌లో బరువు తగ్గించుకోవడానికి యాక్రిలిక్ కావాలని తీసుకోవడం వేరు, క్రిస్టల్ పేరు చెప్పి అంటగట్టించుకోవడం వేరు.

'కే9 క్రిస్టల్' అన్న మాట ప్రతి షాపులోనూ వినిపిస్తుంది. కే9 అన్నది కంటి అద్దాల, కెమెరా కటకాల జాతికి చెందిన స్వచ్ఛమైన గాజు, సీసం ఉండదు. ఇది మామూలు గాజు కన్నా వెలుగును ఎక్కువ వంచుతుందని కొందరు చెబుతారు. ఆ మాట నిజం కాదు. కే9 వక్రీభవన గుణకం 1.517, కిటికీ గాజుది కూడా దాదాపు అంతే. దాని గొప్పంతా స్వచ్ఛతలోనూ, కోతలోనూ, మెరుగులోనూ ఉంది. వెలుగును నిజంగా ఎక్కువ వంచేది సీసం కలిసిన గాజు. ఇంగ్లండ్‌లో జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ 1674లో దానికి పేటెంట్ పొందాడు. యూరప్ నిబంధనల ప్రకారం 24 శాతం లెడ్ ఆక్సైడ్ ఉంటే తప్ప లెడ్ క్రిస్టల్ అనే పేరు పెట్టకూడదు. ఇవాళ ఆ రకం అరుదైపోతోంది. 1895లో ఆస్ట్రియాలోని వాటెన్స్‌లో మొదలైన స్వరోవ్‌స్కీ కూడా 2012 నుంచి సీసం మానేసింది. మన దగ్గరికొచ్చే వాటిలో చాలా భాగం చైనావి. స్వదేశీ సరుకు కావాలంటే గాజు పరిశ్రమకు పేరుపడ్డ ఉత్తరప్రదేశ్ ఫిరోజాబాద్‌లో షాండ్లియర్లు తయారవుతాయి.

ఎల్ఈడీ పట్టీలు ఫ్రేములోనే అతికించేసిన కొత్త రకాల కన్నా, బల్బు మార్చుకోవడానికి వీలుగా హోల్డర్లున్న పాత తరహా నాకు ఇష్టం. పట్టీ పోతే దీపం మొత్తం దించాలి, అదే పట్టీ అప్పటికి దొరకకపోవచ్చు. బల్బు పోతే బల్బే మారుస్తాం. బల్బు గాజు తెల్లగా మసకబారి ఉండకూడదు, లోపలి వెలుగుతీగ కనిపించే పారదర్శకమైనది కావాలి. క్రిస్టల్ తళుకు రావాలంటే వెలుగు చిన్నచిన్న చుక్కలుగా ఉండాలి. మసక బల్బు వెలుగును పరిచేస్తుంది, తళుకు చచ్చిపోతుంది. రంగు 2700 నుంచి 3000 కెల్విన్, అంటే వెచ్చటి పసుపు తెలుపు. పన్నెండు హోల్డర్ల దీపానికి పాత 40 వాట్ల బల్బులైతే 480 వాట్లు, నాలుగేసి వాట్ల ఎల్ఈడీలైతే మొత్తం 48 వాట్లే. ఇన్వర్టర్ మీద కూడా హాయిగా వెలుగుతుంది.

ఉప్పుగాలి, పచ్చదోమ

ఎక్కడో తయారైన దీపం మన గాలిలో బతకాలి. నర్సాపురం, మొగల్తూరు, అంతర్వేది, ఉప్పాడ చుట్టుపక్కల సముద్రపు తేమలో ఉప్పుంటుంది. ఇనుము మీద క్రోమియం పూత పూసిన ఫ్రేములు బయటికి మెరుస్తూనే లోలోపల తుప్పుపడతాయి. ముందు పోయేది గాజు ముక్కలను కలిపే సన్నని పిన్నులు. అవి తెగితే ముక్కలు ఒక్కొక్కటిగా రాలతాయి. తీరానికి దగ్గరున్నవాళ్లు ఇత్తడి ఫ్రేమో, మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీలో అడగాలి. పిన్నులు కూడా అవేనని అయస్కాంతం పెట్టి చూసుకోవాలి. ఇత్తడిని అయస్కాంతం పట్టుకోదు.

సార్వా పంట పొట్ట మీదుండే రోజుల్లో, దీపావళికి అటూ ఇటూ, పచ్చదోమ దీపాల మీద ముసురుతుంది. రైతులు దీపపు ఎరలు పెట్టి దాని ఉధృతిని అంచనా వేసేదీ అప్పుడే. చేల పక్కనున్న ఇంట్లో సాయంత్రం తలుపులు తెరిచి షాండ్లియర్ వేస్తే తెల్లారేసరికి ప్రతి గాజు గిన్నెలోనూ దోసెడు పురుగులు ఉంటాయి. తొలకరికి ఉసిళ్ల సంగతీ అంతే. నీలం ఛాయ తెలుపు వెలుగు కన్నా వెచ్చటి వెలుగు పురుగులను తక్కువ పిలుస్తుంది. మన చేల మధ్య వెచ్చటి రంగు బల్బులను ఎంచుకోవడానికి అందం ఒక్కటే కారణం కాదు. అడుగున మూసి ఉండే గిన్నెల డిజైన్లను మాత్రం పల్లెటూళ్లలో నేనైతే వద్దంటాను.

వంటింటికి గోడ లేకుండా హాల్లోకి తెరిచేస్తున్న ఇళ్లలో మరో బాధ. చేపల వేపుడు, పిండివంటల నూనెఆవిరి పైకి చేరి క్రిస్టల్ మీద పొరకడుతుంది. దాని మీద దుమ్ము అంటుకుంటుంది. అక్కడ పొయ్యి మీద చిమ్నీ లేకుండా షాండ్లియర్ పెట్టించకండి. ఇక వేసవి చివర్లో వచ్చే ఉరుములు, మెరుపులు. పిడుగు ఎక్కడో పడినా లైనులో ఒక్కసారిగా పెరిగే వోల్టేజీకి ఎల్ఈడీ డ్రైవర్లు మాడిపోతాయి. మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్, దీపం లోహపు ఫ్రేముకు ఎర్తు తీగ, దాని లైనుకు విడిగా 6 ఆంపియర్ల ఎంసీబీ ఉండాల్సిందే. రెండు తీగలు కలిపేసి ఎర్తును కత్తిరించి పడేసే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. ఇంత లోహం నెత్తిమీద పెట్టుకుని ఆ పని చేయనివ్వకూడదు.

తగిలించే పూట

గృహప్రవేశం నాడు హాల్లో గణపతి హోమం జరుగుతుంది. నేతి పొగ రెండు మూడు గంటలపాటు నేరుగా కప్పుకే వెళ్తుంది. బంధువులకు చూపించాలన్న తొందరలో ముందురోజు రాత్రి క్రిస్టల్ అంతా తగిలించేస్తే, మొదటి రోజే మసి పొర. ఫ్రేము, బల్బులు బిగించి వెలిగించండి, క్రిస్టల్ ముక్కలు సత్యనారాయణ వ్రతం, భోజనాలు అన్నీ అయ్యాక తగిలించుకోవచ్చు. ఫ్లోరింగ్ పాలిష్, రంగుల చివరి కోటు అయిపోయిన తర్వాతే షాండ్లియర్ రావాలన్నది ఇల్లు కట్టించినవాళ్లందరికీ తెలిసిందే.

ఇరవై అడుగుల ఎత్తుకు నిచ్చెన చాలదు. చక్రాలకు తాళాలున్న పరంజా కావాలి. కింద దుప్పట్లు పరిచి, పెట్టెలు విప్పి, ముక్కలను రకాలవారీగా లెక్కపెట్టాలి. ముందు ఫ్రేము హుక్కుకు ఎక్కాలి, దానితో పాటు విడిగా ఒక ఉక్కు భద్రతా తీగ కూడా స్లాబుకే వేరే చోట బిగించాలి. తర్వాత తీగలు కలిపి, అన్ని బల్బులూ వెలుగుతున్నాయో లేదో చూడాలి. అది సరిగ్గా ఉంటేనే క్రిస్టల్. పైవరస నుంచి కిందికి, లోపలి వలయం నుంచి బయటికి. నూలు చేతితొడుగులు లేకుండా ముట్టుకుంటే వేలిముద్రల జిడ్డు దీపం వెలిగాక మచ్చలుగా కనిపిస్తుంది. బిగించాక ఎట్టి పరిస్థితుల్లోనూ దీపాన్ని గుండ్రంగా తిప్పకూడదు, తుడిచేటప్పుడు కూడా. మనం దాని చుట్టూ తిరగాలి గానీ దాన్ని తిప్పితే పైనున్న మర వదులవుతుంది, తీగలు మెలిపడతాయి.

డబుల్ హైట్ హాలైతే దించే మోటారు ఖర్చుకు వెనకాడొద్దు. మీట నొక్కితే దీపం నెమ్మదిగా నేల దగ్గరికి దిగుతుంది, ఇంట్లోవాళ్లే తుడుచుకోవచ్చు. మోటారు సామర్థ్యం దీపం బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. మోటారు బరువు కూడా హుక్కు లెక్కలోకి వస్తుంది. దించడం మొదలవగానే దీపానికి కరెంటు దానంతటదే తెగిపోయే రకం తీసుకోండి. మోటారు లేని ఇళ్లలో పరంజా కట్టించడం బద్ధకమై దీపాన్ని ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తారు. అప్పుడు ఎంత ఖరీదు పెట్టి కొన్నా లాభం లేదు.

ఏడాదికి రెండుసార్లు, దసరా ముందు ఒకసారి, భోగికి ఇల్లు దులిపేటప్పుడు ఒకసారి తుడిస్తే చాలు. కరెంటు తీసేసి, బల్బులు చల్లారాక, ఒక పాలు ఐసోప్రొపైల్ ఆల్కహాలుకు మూడు పాళ్లు డిస్టిల్డ్ వాటర్ కలిపి, మెత్తటి గుడ్డను తడిపి ఒక్కో ముక్కనూ తుడవాలి. మందును నేరుగా దీపం మీద చల్లకూడదు, హోల్డర్లలోకి దిగుతుంది. బోరు నీళ్లు అసలే వద్దు. తీరప్రాంతం నీళ్లలోని ఉప్పు ఆరాక తెల్ల మచ్చలుగా మిగులుతుంది. తుడిచే రోజునే పిన్నులు, గొలుసు లింకులు, హుక్కు చుట్టూ స్లాబు ఒకసారి టార్చిలైటుతో చూసుకోవాలి.

షాపు వాళ్ల దగ్గర ప్రతి రకం క్రిస్టల్ ముక్కా రెండు మూడు అదనంగా, పిన్నులు గుప్పెడు అడిగి తీసుకోండి. కొన్నాళ్లకు ఆ డిజైన్ ఆగిపోతే ఒక్క ముక్క కోసం దీపమంతా వెలితిగా కనిపిస్తుంది. వాటిని ఒక డబ్బాలో పెట్టి, దానితోపాటు ఒక కాగితం రాసి మెయిన్ బోర్డు తలుపు లోపల అంటించండి: షాండ్లియర్ బరువు, మోటారు బరువు, హుక్కు ఏ రకం, ఏ తేదీన ఎంత బరువుతో పరీక్షించారు, బల్బు హోల్డర్ ఏ సైజు, ఏ ఎంసీబీ దానిది, దించే మీట తాళం ఎక్కడుంది. రేపు మీ అబ్బాయో, ఇల్లు కొనుక్కున్నవాళ్లో పరంజా ఎక్కే ముందు మొదట వెతుక్కునేది ఆ కాగితాన్నే.